సీమ ఇంటి కథని టీనేజ్ నవలగా రాయడం ఎలా? అనంతపురం నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

ఇంటర్ చదివే పిల్లలు "చదవడానికి ఏదన్నా పుస్తకం ఇవ్వండి" అని అడిగినప్పుడు నా అలమారలో వాళ్లకి సరిపోయేది దొరకలేదు. చిన్నపిల్లల కథల్ని వాళ్లు దాటేశారు. పెద్దవాళ్ల నవలలు ఇస్తే పది పేజీలకే తిరిగొచ్చాయి. పదమూడు నుంచి పంతొమ్మిది మధ్య వయసువాళ్ల ఇల్లు, కాలేజీ, నాయన అప్పు, అమ్మ మౌనం, వాళ్లకి అర్థమయ్యే తెలుగులో ఉన్న పుస్తకం కావాలి. అలాంటిది ఒకటి రాద్దామని కూర్చుంటే నాకు నాలుగేళ్లు పట్టింది. రెండు ప్రతులు పూర్తిగా పక్కన పెట్టేశాను. ఆ నాలుగేళ్లలో తెలిసిందంతా ఇక్కడ వరసగా చెబుతున్నాను. కర్నూలు, కడప, అనంతపురం వైపు నుంచి రాయాలనుకునేవాళ్ల కోసమే ఇది. ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక పెద్ద డ్రాయింగ్ షీటు, ఒక పెన్సిలు ఉంటే మొదలుపెట్టొచ్చు.

మొదటి అడుగు: ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడే విషయాన్ని పట్టుకోండి

చాలామంది "కుటుంబ బంధాల గురించి రాస్తాను" అని మొదలుపెడతారు. దానితో రెండో అధ్యాయం కూడా నడవదు. ప్రతి ఇంట్లో పిల్లలు గదిలోకి రాగానే పెద్దవాళ్లు ఆపేసే మాట ఒకటి ఉంటుంది. మీ నవల దాని గురించే. మన వైపు ఆ మాట ఎండిపోయిన బోరు కావచ్చు. బ్యాంకులో ఉన్న అమ్మ గాజులు కావచ్చు. బెంగళూరుకి పనికి పోయి ఫోన్ చేయడం మానేసిన చిన్నాయన కావచ్చు. కడప జిల్లా నుంచి రాసేవాళ్లయితే, ఇంటిపనికి కువైట్ వెళ్లి ఏళ్ల తరబడి వీడియో కాల్‌లోనే కనిపించే అమ్మ కావచ్చు.

నోట్‌బుక్ మొదటి పేజీలో ఆ విషయాన్ని ఒక్క వాక్యంగా రాయండి. దాని కింద మరో వాక్యం: "ఈ సంగతి పిల్లకి ఎలా తెలిసింది?" ఎవరో కూర్చోబెట్టి చెప్పడం వల్ల తెలిస్తే నవల చప్పబడుతుంది. ఆ పిల్ల ఏదో పని చేస్తుండగా, ఆ పని వల్లనే తెలియాలి. నా రెండో ప్రతి పాడైంది ఇక్కడే. అవ్వ చేత మూడు పేజీల పాటు పాత కథంతా చెప్పించాను. అప్పటిదాకా బాగా నడిచిన నవల ఆ మూడు పేజీల దగ్గర కూలబడింది.

రెండో అడుగు: వయసు తేల్చండి, ఎవరి కళ్లతోనో తేల్చండి

పదిహేనేళ్లకీ పదిహేడేళ్లకీ మధ్య చాలా దూరం ఉంది. పదో తరగతి పిల్ల ఇంకా ఊళ్లోనే, అమ్మ కళ్లముందే ఉంటుంది. ఇంటర్‌కి అనంతపురం హాస్టల్‌లో చేరిందంటే శనివారం సాయంత్రం బస్సులో ఇంటికొచ్చే చుట్టం అవుతుంది. వారానికొకసారి చూసే కంటికి ఇంట్లో మార్పులు తొందరగా పడతాయి. పోయిన వారం చావిట్లో కట్టేసి ఉన్న బర్రె ఈ వారం లేదు, ఎవరూ ఏమీ అనరు. నా మటుకు ఇంటర్ మొదటి సంవత్సరమే ఈ రకం నవలకి సరైన వయసు.

"నేను" అని రాయాలా, "ఆ పిల్ల" అని రాయాలా అంటే, మొదటి నవలకి "నేను" తేలిక. కానీ ఆ "నేను" పదహారేళ్ల పిల్లకి తెలిసినంతే చెప్పాలి. "ఆ రోజు నాకు అర్థం కాలేదు గానీ తర్వాత తెలిసింది" లాంటి వాక్యం మూడుసార్ల కంటే ఎక్కువ కనిపిస్తే పెద్దవాళ్లు దొంగతనంగా లోపలికి వచ్చేశారని గుర్తు. కొట్టేయండి.

మూడో అడుగు: వాన, పంట, పరీక్ష, డబ్బు ఒకే షీటు మీద

డ్రాయింగ్ షీటు ఇందుకే. అడ్డంగా పన్నెండు నెలలు గీయండి. నిలువుగా నాలుగు వరుసలు: వాన–పంట, చదువు, పండగలు, డబ్బు. ఈ నాలుగూ నింపాక ప్లాట్ కోసం వేరే వెతుక్కోనక్కర్లేదని నా అనుభవం.

జూన్ గడిని చూడండి. తొలకరి కోసం ఎదురుచూపు, చెనిక్కాయ (వేరుశనగ) విత్తనం కొనడం, దుక్కి, ఎరువు. కాలేజీ ఫీజు, హాస్టల్ అడ్వాన్సు, పుస్తకాలు పడేది కూడా ఆ నెలలోనే. పదో తరగతి పాసైన సంతోషం, విత్తనానికి డబ్బు లేని ఇబ్బంది ఒకే ఇంట్లో, ఒకే వారంలో ఎదురుపడతాయి. ఇదే మొదటి అధ్యాయం. ఎవర్నీ చెడ్డవాళ్లని చేయకుండానే గొడవ పుడుతుంది.

తర్వాతి గడులు కూడా అంతే. అనంతపురానికి నైరుతి రుతుపవనాన్ని పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్యపు వానలకేమో కోస్తా దూరం. ఏడాది మొత్తానికి సగటు 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అది కూడా సమయానికి పడదు. కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కె-6 రకం చెనిక్కాయ దాదాపు 105–110 రోజుల పంట. జూలైలో విత్తితే ఆగస్టు, సెప్టెంబరు మధ్య కాయలు కాసే ఊడలు నేలలోకి దిగుతాయి. అప్పుడు నేలలో పదును (తడి) లేకపోతే చెట్టు పచ్చగా కనిపిస్తుంది, పీకితే కాయ ఉండదు. పదహారేళ్ల మనిషి గురించి రాసేటప్పుడు ఇంతకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు. అయితే దాన్ని పోలికగా చెప్పకండి. పిల్ల సెలవుకి వచ్చి ఒక చెట్టు పీకి చూసి, వేళ్లకంటిన మట్టి దులుపుకుని, ఏమీ అనకుండా గట్టు మీద పెడితే చాలు.

పండగల వరుసలో ఒక జాగ్రత్త. పీర్ల పండగ (మొహర్రం) చాంద్రమానం ప్రకారం ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది. 2024లో జూలై 17న వచ్చింది, అంటే విత్తనాల కాలంలో. మీ నవల 2012లో జరుగుతుంటే అది నవంబరులో, చెనిక్కాయ పీకే రోజుల్లో వస్తుంది. నార్పల మండలం గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి ఈ పండగకి కులమతాలు చూడకుండా జనం పోతారు. ఆ సన్నివేశం రాయాలనుకుంటే ముందు సంవత్సరం తేల్చుకుని, క్యాలెండర్ చూసుకుని గడిలో పెట్టండి.

సంవత్సరం విషయంలో మరో మాట. కర్నూలు వాళ్లు 2009 అక్టోబరు వరద మీద రాయాలని చాలామంది అనుకుంటారు. మంచి ఆలోచన. తుంగభద్ర నీళ్లు ఇంట్లోకి వచ్చిన రాత్రి ఒక కుటుంబం మేడ మీద కూర్చుంటే దాచిన మాటలన్నీ బయటికొస్తాయి. కానీ అప్పటి పిల్లల చేతిలో వాట్సాప్ లేదు. అలాగే పెనుకొండ, కదిరి, ధర్మవరం, హిందూపురం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి, అంతకుముందు కథయితే అనంతపురం జిల్లా అనే రాయాలి.

నాలుగో అడుగు: ఇంటి లెక్క వేయండి, ఒక కాగితాన్ని దగ్గరగా చూపించండి

ఈ అడుగు మీద ఎక్కువసేపు ఉండండి. మన నవలల్లో "అప్పుల్లో కూరుకుపోయారు" అని ఒక్క మాటలో దాటేస్తారు. ఎంత అప్పు, ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి అన్నది చదివే పిల్లలకి తెలియదు. వాళ్లకి లెక్క చూపించండి. ఎనిమిదో తరగతి నాటికే బారువడ్డీ చేసిన పిల్లలు వాళ్లు.

నా నవల నిలబడింది ఒక ప్రోనోటు మీద. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి రెండు రూపాయలు, ఏడాదికి ఇరవై నాలుగు. యాభై వేలకి ఏడాదికి 12,000, మూడేళ్లకి 36,000. ప్రోనోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే కోర్టుకి పోయి వసూలు చేసుకోవడం కష్టం. అందుకని అప్పిచ్చినాయన ఆ లోపలే వచ్చి, కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించుకుంటాడు. లేదా అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు రాయించుకుంటాడు. అంటే 86,000కి.

ఆ సాయంత్రం నాయన పిల్లని పిలుస్తాడు.

"పాపా, నీ చేతిరాత బాగుంటాది. నువ్వు రాయి."

"ఎంత రాయల్ల నాయనా?"

"ఎనభై ఆరు వేలు. అక్షరాలా అని కూడా రాయి."

ఇంతవరకు యాభై వేలనే అనుకుంటున్న పిల్ల పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత ఆయన చెబుతుంటే రాస్తుంది: కుటుంబ ఖర్చుల నిమిత్తం, నూటికి నెల ఒక్కింటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున, తాము కోరినప్పుడు తమకు గాని తమ అనుమతి పొందిన వారికి గాని. నాయన రెవెన్యూ స్టాంపు నాలుకకి తడిచేసి అతికిస్తాడు, దాని మీదుగా సంతకం పెడతాడు. సాక్షులు పెడతారు. చివర్లో "దస్తూరి" అన్న చోట రాసినవాళ్ల పేరుండాలి. పిల్ల తన పేరు రాయబోతుంటే అప్పిచ్చినాయన ఆపుతాడు: "మైనరు పిల్ల, వద్దులే. వేరే ఎవురిదన్నా పెట్టండి."

రాత ఆ పిల్లదే, పేరు మాత్రం ఇంకొకరిది. ఈ ఒక్క పేజీ కోసం ప్రోనోటు పుస్తకం కొనుక్కొచ్చి, చేత్తో రాసి చూసుకున్నాను. మీరు కూడా మీ కథలో ఉన్న కాగితాన్ని చేత్తో రాసి చూడండి. అది రేషన్ కార్డు కావచ్చు, పట్టాదారు పాస్ పుస్తకం కావచ్చు, కువైట్ నుంచి డబ్బు వచ్చిన రసీదు కావచ్చు. అందులోని పాతకాలపు మాటలు పదహారేళ్ల పిల్ల చెవికి ఎలా వినిపిస్తాయో అప్పుడు తెలుస్తుంది.

సన్నివేశం అయ్యాక పిల్లని ఏడిపించకండి. రాత్రి అన్నం తినేటప్పుడు ఊరుబిండి పచ్చడి కొంచెం ఎక్కువ వేయమని అమ్మని అడిగిందంటే, లేకపోతే అసలు అడగలేదంటే, చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

ఐదో అడుగు: ఇంట్లో అందరికీ వాళ్ల న్యాయం

ఆ ప్రోనోటు సాయంత్రాన్నే తీసుకుని, ఇంట్లో ఉన్న ఒక్కొక్కరి నోటితో ఒక్కొక్క పేజీ రాయండి. ఇవి నవలలోకి రావు, మీ నోట్‌బుక్‌లోనే ఉంటాయి. నాయన పేజీలో అప్పు కంటే మాట పోతుందేమోనన్న భయం ఎక్కువ. అమ్మ ఆ రోజే గాజుల లోన్ సంగతి చెబుదామనుకుంది, చెప్పలేకపోయింది. అవ్వకి అప్పెంతైనా ఫర్వాలేదు, చేను మాత్రం అమ్మకూడదు, ఎందుకంటే ఆ చేనికి గట్టు వేసింది ఆమె చేతులే. తమ్ముడికి ఫోన్ ఎప్పుడు కొనిస్తారన్నదే ప్రశ్న. వాడి వయసుకి అది న్యాయమైన ప్రశ్నే.

తాగుబోతు నాయన, త్యాగమూర్తి అమ్మ, నీతులు చెప్పే తాత: ఈ ముగ్గురినీ మొదటి ప్రతిలో నేనే పెట్టాను. మా వీధిలో ఏ ఇంట్లోనూ వాళ్లు లేరు. నాయన తాగినా సరే, తాగని రోజున కూతురి జడకి రిబ్బను ఎలా కట్టాడో మీకు తెలిసుండాలి.

ఆరో అడుగు: యాస

సంభాషణ సీమ మాటలో ఉండాలి, కథనం మామూలు రాతభాషలో ఉండొచ్చు. ఇది నా అభిప్రాయం, మొత్తం యాసలోనే రాసినవాళ్లు కూడా ఉన్నారు. కానీ వేరే జిల్లా పిల్లలు కూడా ఆగకుండా చదవాలంటే ఈ పద్ధతి మేలు.

యాస అంటే అక్షరాలు వంకర తిప్పడం కాదు. క్రియలు పట్టుకోండి. "ఎక్కడికి పోతున్నావు" కాదు, "యాడికి పోతాండావు". "తిన్నావా" కాదు, "తింటివా". "చేయాలి" కాదు, "చేయల్ల". పిలుపులు పట్టుకోండి: నాయన, అవ్వ, పాప, అప్పా, అబ్బీ. తర్వాత వస్తువుల పేర్లు. వేరుశనగని ఒక ఊళ్లో చెనిక్కాయలంటారు, ఇంకో ఊళ్లో బుడ్డలంటారు. మీ కథ జరిగే ఊళ్లో ఏమంటారో ఆ ఒక్కటే మొదటి పేజీ నుంచి చివరిదాకా వాడండి. అన్ని మాండలికాలూ తెలుసని చూపించుకోవడానికి కలిపేస్తే ఏ ఊరిదీ కాకుండా పోతుంది.

పిల్లల మాట వేరు. హాస్టల్‌లో "టెన్షన్ పడొద్దే", "లైట్ తీస్కో" అన్న పిల్లే ఇంటికొచ్చి అవ్వతో "ఏమవ్వా, బువ్వ తింటివా" అంటుంది. ఒకే మనిషి రెండు భాషల మధ్య తిరుగుతూ ఉండటం ఎదగడంలో భాగం. ఈ తేడా చూపించడానికి బస్టాండు మంచి చోటు. అనంతపురం బస్టాండులో కళ్యాణదుర్గం బస్సు ఎక్కేటప్పుడు ఫోన్‌లో స్నేహితురాలితో ఒక మాట, పక్కసీటు పెద్దాయనతో ఇంకో మాట.

నోట్‌బుక్ చివరి పేజీలో మాటల పట్టిక ఒకటి పెట్టుకోండి. మీరు వాడే ప్రతి యాస మాటకీ ఒకటే స్పెల్లింగు. "పోతాండాడు" అని ఒకచోట, "పోతాన్నాడు" అని ఇంకోచోట రాకూడదు. ఈ పట్టిక చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఏడో అడుగు: రోజూ రాయడం

దీని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మొదటి నవలకి 30,000 మాటలు చాలు. పన్నెండు అధ్యాయాలనుకుంటే ఒక్కోటి 2,500. రోజుకి 300 రాస్తే నూరు రోజులు, అంటే ఒక చెనిక్కాయ పంట కాలం. ఫోన్‌లో టైప్ చేయడం కష్టమనిపిస్తే వాయిస్ టైపింగ్ వాడండి. కాకపోతే యాస మాటల్ని అది తన ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంది, సంభాషణలు చేత్తోనే కొట్టండి. ముందు అధ్యాయాన్ని దిద్దుతూ కూర్చోవద్దు, చివరిదాకా పోండి.

ఎనిమిదో అడుగు: బరువైన విషయాలు

మన వైపు రైతు ఇంటి కథ రాస్తుంటే ఆత్మహత్య అన్న మాట తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది. చదివేవాళ్లలో ఆ ఇళ్లనుంచి వచ్చిన పిల్లలు కూడా ఉంటారని ఒక్క నిమిషం కూడా మరవద్దు. కథలో మలుపు కావాలి కాబట్టి నాయనని చంపకండి. నిజంగా ఆ కథే చెప్పాలనుకుంటే, ఎలా జరిగిందన్నది వర్ణించొద్దు. చావుని అప్పుకి పరిష్కారంలాగా చూపించొద్దు. ఆ తర్వాత ఆ ఇల్లు ఎలా నడిచిందో దాని మీద పేజీలు ఖర్చు పెట్టండి. పుస్తకం చివర్లో టెలి మానస్ నంబరు 14416 వేయండి. మానసిక ఒత్తిడిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడొచ్చు.

ప్రేమ, కులం, నెలసరి, ఒంటి రంగు మీద వెటకారాలు, ఇవన్నీ ఈ వయసు పిల్లలు రోజూ మోస్తున్నవే. పెద్దవాళ్లకి ఇబ్బందని వదిలేస్తే పిల్లలు పుస్తకాన్ని నమ్మరు. పీర్ల పండగ రోజు నిప్పుల గుండం దగ్గర అందరూ కలిసి నిలబడిన ఊళ్లోనే, మర్నాడు ఎవరింట్లో ఎవరు నీళ్లు తాగరో కూడా పిల్లలు చూస్తారు. చూసింది చూసినట్టు రాయండి.

తొమ్మిదో అడుగు: పిల్లల చేత చదివించడం

ముగ్గురు పిల్లలకి ఇవ్వండి. అందులో ఒకరు పుస్తకాలు చదివే అలవాటు లేనివాళ్లయితే మంచిది. "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "ఎక్కడ ఆపేశావు?" అని అడగండి.

నా ప్రతిని చదివిన ఒక అమ్మాయి ఏమీ చెప్పకుండా తిరిగిచ్చింది. తిప్పి చూస్తే ఒక పేజీ మూల మడిచి ఉంది. అందులో అమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకుని "నువ్వు చదువుకోవాలి తల్లీ, నీ మీదే మా ఆశలన్నీ" అంటుంది. ఎందుకు మడిచావని అడిగితే, "మా అమ్మ ఇట్ల మాట్లాడదు. ఫీజు డబ్బులు గుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టి, జాగ్రత్త, బస్సులో నిద్రపోవద్దు అంటాది, అంతే" అంది. ఆ పేరా తీసేసి ఆ అమ్మాయి చెప్పిన మాటే, ఆమె ఒప్పుకున్నాక, పెట్టాను. నవల మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

పదో అడుగు: ముగింపు

చివరి అధ్యాయంలో అప్పు తీర్చేయాలన్న ఆశ వస్తుంది. వజ్రం దొరికించొద్దు. తొలకరి వానలకి కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు పొలాల్లో వజ్రాల కోసం జనం వెతుకుతారు, కుటుంబమంతా అక్కడికి పోయే సన్నివేశం మధ్యలో రాస్తే అద్భుతంగా ఉంటుంది, కానీ ముగింపుగా పనికిరాదు. షీటు మీద నవంబరు గడి చూడండి. పంట పీకడం, కాయ కొట్టడం, మార్కెట్, లెక్క. కొంత అప్పు తీరుతుంది, కొంత మిగులుతుంది. మారాల్సింది పిల్ల కూర్చునే చోటు. మొదటి అధ్యాయంలో పెద్దవాళ్లు లెక్క చూసుకుంటుంటే తలుపు వెనక నిలబడింది. చివర్లో లెక్క చూసేటప్పుడు నాయన జరిగి పక్కన చోటిస్తాడు. నేను అక్కడ ఆపాను. మీ కథలో ఆ చోటు ఏదో మీకే తెలియాలి.

పదకొండో అడుగు: అచ్చు

డెమ్మీ 1/8 సైజులో, కొంచెం పెద్ద అక్షరాలతో వేస్తే 30,000 మాటలు దాదాపు 130–140 పేజీలొస్తాయి. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరుకి మన దేశంలో రుసుము లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే ఉచితంగా ఇస్తారు, దానికి డబ్బు అడిగేవాళ్లని నమ్మొద్దు.

అసలు జాగ్రత్త డీటీపీ దగ్గర. మీరు టైప్ చేసింది యూనికోడ్‌లో ఉంటుంది. చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే పేజీలు కడతాయి. మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు చెదురుతాయి, కొన్ని అక్షరాలు ఎగిరిపోతాయి, కాబట్టి ప్రూఫు కనీసం రెండుసార్లు కాగితం మీదే చూడండి. ఇంకో సమస్య, డీటీపీ చేసేవాళ్లు మంచి మనసుతోనే మీ తెలుగుని "సరిచేస్తారు". మా ప్రూఫులో అవ్వ ఒక రాత్రిలో "యాడికి పోతున్నావు" అనడం మొదలుపెట్టింది. రాతప్రతితో పాటు నోట్‌బుక్ చివరి పేజీలోని మాటల పట్టికని జిరాక్స్ తీసి ఇవ్వండి. పైన ఎర్ర పెన్నుతో రాయండి: ఈ మాటలు తప్పులు కావు, ఇలాగే ఉంచండి.